బకెట్ ఎవరు మోస్తున్నారు?

(గుంటూరులో ఒక మహిళా డిగ్రీ కళాశాల ఎన్‌ఎస్‌ఎస్ శిబిరం చివరి రోజున, విజయవాడ నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ సైన్స్ టీచర్ చేసిన ప్రసంగానికి రాతప్రతి. మాట తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. కూర్చోండమ్మా, కూర్చోండి. ఈ మైకు దగ్గర పెట్టుకుంటే కీచుమంటోంది, దూరం పెడితే వెనకవాళ్లకి వినపడదంటున్నారు. పక్కన పెట్టేస్తున్నాను. ముప్పై ఏళ్లు హైస్కూల్లో ఆఖరి బెంచీదాకా వినపడేట్టు అరిచినదాన్ని, మైకెందుకు?

పొద్దున విజయవాడలో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ ఇచ్చాడు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి బస్సు ఉచితం కదా, మనకి ఇది అలవాటైపోయింది. పక్క సీట్లో అమ్మాయి "ఎక్కడిదాకా పెద్దమ్మా?" అంది. గుంటూరు కాలేజీలో మాట్లాడటానికి వెళ్తున్నానన్నాను. "దేని మీద?" అంది. "చెత్త మీద" అన్నాను. కాస్త అటు జరిగి కూర్చుంది. (నవ్వులు)

మీ మేడం గారు నాకిచ్చిన అంశం చాలా పెద్దది. ఆరోగ్యకరమైన పర్యావరణం, స్త్రీ పురుష సమానత్వం, దానికోసం పనిచేసే మహిళా స్వచ్ఛంద బృందాలు. ఫోన్లో వినగానే నాకు టెన్షన్ పట్టుకుంది. ఇన్ని పెద్ద మాటలు నా వల్ల కాదు. నాకు బాగా తెలిసింది ఒక పాత పెయింటు బకెట్. దాని గురించి చెబుతాను. మీ మేడం అడిగినవి కూడా అందులోంచే వస్తాయేమో చూద్దాం.

2021 అక్టోబరు 2న మా విజయవాడలోనే క్లాప్ కార్యక్రమం మొదలైంది. క్లీన్ ఆంధ్రప్రదేశ్. ఇంటికి మూడు బుట్టలిచ్చారు. తడి చెత్తకి ఆకుపచ్చ, పొడి చెత్తకి నీలం, ప్రమాదకరమైన వాటికి ఎరుపు. ఆ బుట్టలు చూస్తే మహా ముద్దొచ్చాయి. మా వీధిలో వాటి గతి ఏమైందో చెప్పనా? ఆకుపచ్చ దాంట్లో బియ్యం పోశారు, నీలం దాంట్లో ఉల్లిపాయలు, ఎరుపుది బాత్రూంలోకి పోయింది. చెత్త మాత్రం ఎప్పట్లాగే నల్ల కవర్లో కలిపి కట్టి బండిలోకి విసిరేవాళ్లం. మేమంటే నేను కూడా. సైన్స్ టీచర్నే.

తర్వాత ఒకరోజు మా వీధికొచ్చే పారిశుద్ధ్య కార్మికురాలు ఆ కవరు విప్పి చేత్తో వేరు చేయడం చూశాను. ఇడ్లీ పిండి, బ్లేడు, పిల్లల డైపరు, వాడేసిన ప్యాడు, మామిడి టెంక, అన్నీ ఒక్క దాంట్లోనే. ఆమె చేతికి తొడుగు ఉంది గానీ వేళ్ల దగ్గర చిరిగిపోయింది. 2016 ఘనవ్యర్థాల నియమాల్లోనే చెప్పారు, ప్యాడ్లు విడిగా కాగితంలోనో, కంపెనీ ఇచ్చే కవర్లోనో చుట్టి ఇవ్వాలని. చుట్టాల్సింది ఆడవాళ్లం, విప్పాల్సి వస్తున్నది ఆడవాళ్లే. మధ్యలో సిగ్గు ఒకటి. ఎవరూ చూడకుండా అన్నిటికన్నా అడుగున పెట్టి కట్టడం మనకి అమ్మలు నేర్పిన విద్య. అలా అడుగున పెట్టినందువల్లే ఆమె కవరంతా గుమ్మరించాల్సి వస్తోంది.

అలా మొదలైంది. ఏడుగురం. మా బృందానికి పేరు లేదు. పేరు పెట్టడానికి మూడుసార్లు కూర్చున్నాం, మూడుసార్లూ టీ, పకోడీలతో అయిపోయింది. రిజిస్ట్రేషన్ లేదు, రసీదు పుస్తకం లేదు.

ఇప్పుడు బకెట్ దగ్గరికొస్తాను. ఇది రాసుకోండి, పనికొస్తుంది. ఇరవై లీటర్ల పెయింటు బకెట్ తీసుకోండి. చువ్వ కాల్చి పక్కలకీ అడుగునా బొక్కలు పెట్టండి. అడుగున నాలుగు వేళ్ల మందాన ఎండుటాకులు. మీద రోజూ కూరగాయల తొక్కలు, టీ పొడి. ప్రతిసారీ దాని మీద రెండు గుప్పెళ్ల ఎండుటాకు. ఈ ఆకు దగ్గరే అందరూ బద్ధకిస్తారు, అక్కడే కంపు మొదలవుతుంది. కంపు కొట్టిందంటే తడి ఎక్కువైంది, గాలి ఆడట్లేదు అని అర్థం. ఇంకో గుప్పెడు ఆకేసి కర్రతో కలబెట్టండి. వారానికోసారి కాస్త పుల్ల మజ్జిగ చిలకరించండి, సూక్ష్మజీవులు పుంజుకుంటాయి. లావుపాటి పురుగులొస్తాయి, కెవ్వున అరవకండి. అవి ఒక రకం ఈగ పిల్లలు, చెత్తని మనకన్నా శ్రద్ధగా తింటాయి. బకెట్ నిండాక మూతేసి నీడన పెడితే రెండు నెలలకి నల్లటి ఎరువు. చేతిలోకి తీసుకుంటే తొలకరి పడ్డ నేల వాసనొస్తుంది. మా అమ్మమ్మ ఊళ్లో ఇదే పని పెంటదిబ్బ చేసేది. పేడ, చిమ్మిన కసువు అన్నీ అక్కడికే, వేసవిలో బండి కట్టి చేలోకి. తట్ట నెత్తిన పెట్టుకుని దిబ్బ దాకా మోసేది అమ్మమ్మ. బండి మీద కూర్చుని చేలోకి తోలేది తాతయ్య. ఊళ్లో అందరూ "ఆయన చేను బలంగా ఉంది" అనేవాళ్లు.

ఆ మాట నేను ఊరికే అనలేదు. మా ఏడుగురికీ జరిగింది సరిగ్గా అదే. ఆరు నెలలు తిరిగేసరికి మా బకెట్లు కాక మూడు అపార్ట్‌మెంట్ల తడి చెత్త మా నెత్తిన పడింది. "మేడం గారూ, మీరు బాగా చేస్తున్నారు, మాదీ చూడండి" అని గుమ్మంలో పెట్టి వెళ్లేవాళ్లు. ఆఫీసులకెళ్లే మగవాళ్లు స్కూటర్ ఆపి మరీ "గ్రేట్ సర్వీస్ అండీ" అనేవాళ్లు. స్కూటర్ దిగి ఎవరూ బకెట్ పట్టుకోలేదు. మాలో ఒకామె, పేరు చెప్పను, ఒకరోజు రాలేదు. అడిగితే, "పొద్దున నాలుగింటికి లేచి టిఫినూ క్యారియర్లూ ముగించి వస్తున్నాను. మా అత్తగారు, ఇంటి పనయ్యాక ఏ సేవైనా చేసుకో అంటారు. ఇంటి పని అయ్యేదెప్పుడు?" అంది. ఆ ప్రశ్నకి నా దగ్గర సమాధానం లేకపోయింది.

తర్వాత ఒక లెక్క చూశాను. 2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా ఎవరు రోజంతా ఏం చేస్తున్నారో గంటల చొప్పున అడిగి లెక్క తీసింది. ఇంట్లో జీతం లేని పని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు చేస్తుంటే మగవాళ్లు 97 నిమిషాలు. మళ్లీ 2024లో లెక్కేశారు. ఆడవాళ్లది 289కి దిగింది. పది నిమిషాలు. సంతోషం. మరి ఆ పది నిమిషాలు మగవాళ్లు ఎత్తుకున్నారేమో అని చూస్తే, వాళ్లది 88కి తగ్గింది. (నవ్వులు) నవ్వుతున్నారు గానీ, దాదాపు ఐదు గంటలమ్మా. మీ కాలేజీ టైమింగ్స్‌తో సమానం.

మీ బ్యాడ్జీల మీద ఎన్‌ఎస్‌ఎస్ నినాదం చూశాను, "నేను కాదు, మీరు" అని. గొప్ప ఉద్దేశంతోనే పెట్టారు, నాకూ ఇష్టమే. కానీ ఆ మాట మగపిల్లవాడికి కొత్త పాఠం. ఆడపిల్లకి ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచి చెబుతున్నదే అది. నువ్వు కాదు, తమ్ముడు. నువ్వు కాదు, ముందు వాళ్లని తిననీ. అందుకని మీరు సేవకి బయల్దేరేముందు ఒక్కసారి చూసుకోండి, ఇది సేవా, లేక వంటింటి పనే వీధిలోకి సాగిందా అని.

అసలు వాలంటీరు అనే మాటకి మన రాష్ట్రంలో వేరే అర్థం వచ్చింది, మీకు తెలుసు. 2019లో వార్డుకీ ఊరికీ వాలంటీర్లని పెట్టారు, నెలకి ఐదు వేల గౌరవ వేతనం. నేను వాలంటీర్నంటే "ఏ క్లస్టరండీ మీది, పింఛను ఎప్పుడొస్తుంది?" అని అడిగినవాళ్లున్నారు. వాళ్లని వదిలేసి వందేళ్ల వెనక్కి వెళ్దాం. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు. పక్కన ఖద్దరు ప్రదర్శన. గేటు దగ్గర పద్నాలుగేళ్ల పిల్లని వాలంటీరుగా నిలబెట్టి, టికెట్ లేనివాళ్లని పంపొద్దన్నారు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చాడు, చేతిలో టికెట్ లేదు. ఆ పిల్ల ఆపేసింది. నిర్వాహకులు గాభరాపడుతూ వచ్చి టికెట్ కొనిచ్చాకే లోపలికి వదిలింది. ఆ పిల్లే తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్ అయింది, ఆంధ్ర మహిళా సభ పెట్టింది, రాజ్యాంగ సభలో కూర్చుంది. ఈ కథ మీరు వినే ఉంటారు, నిజాయితీకి ఉదాహరణగా చెబుతారు. నాకు మాత్రం ఇంకోటి కనపడుతుంది. ఆమె చేతిలో చీపురు పెట్టలేదు, గేటు పెట్టారు. కాదు అనే అధికారం ఇచ్చారు.

మీ గుంటూరు సంగతే చూడండి. 1922లో ఉన్నవ లక్ష్మీబాయమ్మ, లక్ష్మీనారాయణ దంపతులు ఇక్కడే శారదానికేతనం పెట్టారు. ఆడపిల్లలకి చదువూ నేర్పారు, చేతిలో ఒక పనీ పెట్టారు. సొంత కాళ్ల మీద నిలబడనీయకుండా సేవ చెయ్యమంటే అది చాకిరీ అవుతుందని వాళ్లకి అప్పుడే తెలుసు.

సరే, మా బృందం దగ్గరికొద్దాం. ఆ రోజు తర్వాత ఒక షరతు పెట్టుకున్నాం. ఎవరింటి బకెట్ వాళ్లే మోయాలి, ఆ ఇంట్లో మగవాళ్లు కనీసం రోజు విడిచి రోజు మోయాలి. అలా ఒప్పుకున్న ఇంటికే మేం నేర్పుతాం. మీరు నమ్మరు, ఇరవై మూడు ఇళ్లలో పద్నాలుగు మానేశాయి. ఓడిపోయామనుకున్నాం. మిగిలిన తొమ్మిది మాత్రం ఇప్పటికీ నడుస్తున్నాయి. మా ఆయన మొదట్లో బకెట్‌ని చీకటిపడ్డాక తీసుకెళ్లేవాడు, ఎవరన్నా చూస్తారని. ఇప్పుడు పక్కింటాయనతో ఎండుటాకుల కోసం తగువు పడుతున్నాడు. వేపాకు తొందరగా కుళ్లదని ఆయనా, కుళ్లుతుందని ఈయనా.

కాలువ సంగతి. విజయవాడలో బ్యారేజీ దగ్గర మొదలై మూడు కాలువలు ఊరి మధ్య నుంచి పోతాయి: బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ. నీళ్లున్నన్నాళ్లూ అందంగానే ఉంటాయి. ఎండాకాలం కాలువలు కట్టేసినప్పుడు అసలు రూపం బయటపడుతుంది. ఒక ఏప్రిల్లో అడుగున ఏముందో చూద్దామని దిగాం. చిప్స్ కవర్లూ మందు సీసాలూ ఉంటాయని మీరనుకుంటారు, ఉన్నాయి. కానీ ఎక్కువ కనపడింది పూజ. ముడేసిన ప్లాస్టిక్ కవర్లు, విప్పితే లోపల ఎండిన చామంతులు, పసుపు, అగరొత్తుల పుల్లలు, పాత దేవుడి పటాలు. నిర్మాల్యం కాలికి తగలకూడదని, పారే నీళ్లలో కలపాలని మన నమ్మకం. బాగానే ఉంది. కవరు ఎందుకు విప్పం? చెయ్యి తడవకుండా పుణ్యం రావాలి. ఆ కవర్లు వేసింది ఎక్కువగా మా ఈడు ఆడవాళ్లే, ఒప్పుకోవాలి. ఆడవాళ్లు పుట్టుకతోనే ప్రకృతికి దగ్గర అని కొందరు వేదికల మీద చెబుతారు. నేను నమ్మను. ఎవరికి ఏ పని అప్పజెబితే వాళ్ల చేతిలో ఆ పాపమూ ఉంటుంది, పుణ్యమూ ఉంటుంది.

గుడి మెట్ల దగ్గర ఒక వెదురు తట్ట పెట్టాం, పూలు అందులో వెయ్యమని. పూజారి గారు ముందు ఒప్పుకోలేదు. ఆ ఎరువు గుడి తులసికే వేస్తామంటే ఒప్పుకున్నారు.

ఇక వరద. మీరు టీవీలో చూశారు, మేం చూశాం. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరుకి గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగాయి. అవతల ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద, కృష్ణ పొంగి ఉంటే బుడమేరు నీళ్లు అందులోకి ఎలా పోతాయి? మిద్దెల మీద, పై అంతస్తుల్లో జనం రోజుల తరబడి ఉండిపోయారు. పడవల్లో, డ్రోన్లలో ఆహారం పంపారు, ఊరూరి నుంచి వచ్చి సాయం చేశారు, కాదనను. మేం కూడా పులిహోర పొట్లాలు కట్టాం. మూడో రోజు పడవ దిగిన ఒక అమ్మాయి, మీ వయసే, నా చేతిలో పొట్లం తీసుకోలేదు. నీళ్ల సీసా కూడా వద్దంది. నాకు అర్థం కాలేదు, బలవంతం చేశాను. చెవి దగ్గరికొచ్చి, "తాగితే వెళ్లాలి కదండీ, ఎక్కడికి వెళ్లను? మిద్దె మీద పాతిక మందిమి ఉన్నాం. రెండు రోజుల నుంచీ గొంతు తడుపుకుంటున్నాను, అంతే. దానికితోడు డేట్ వచ్చింది" అంది. మేం కట్టిన వందల పొట్లాల్లో ఒక్క ప్యాడు లేదు. కట్టింది ఏడుగురు ఆడవాళ్లం! మాకే తట్టలేదు. ఎందుకంటే సహాయం అంటే అన్నం అని మన బుర్రలో నాటుకుపోయింది, వడ్డించడమే మనకి తెలిసిన సేవ. నాలుగో రోజు నుంచి పులిహోర ఆపి ప్యాడ్లు, లోదుస్తులు, పాత కాటన్ చీరలు పట్టుకెళ్లాం. చీర అడ్డం కట్టడానికి, మిద్దె మీద ఒక మూల. ఆ చీరల్ని ఎంత ఆత్రంగా అందుకున్నారో చెప్పలేను. వరద ఎప్పుడొచ్చినా సరే, మీరెవరు సాయానికి వెళ్లినా ముందు అడ్డం కట్టే గుడ్డ తీసుకెళ్లండి.

చెట్లని కౌగిలించుకుని కాపాడిన చిప్కో ఉద్యమం గురించి చెబుతానని మీరు అనుకుంటూ ఉంటారు. అందరూ చెబుతారు కాబట్టి నేను చెప్పను. మనదే ఉంది కదా, నెల్లూరు జిల్లా దూబగుంట. అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రిబడిలో కూర్చున్న ఆడవాళ్లు, రోశమ్మ లాంటివాళ్లు, చదువుకుంటూ చదువుకుంటూ సారా కొట్టు మీదికి వెళ్లారు. 1992లో రాష్ట్రమంతా అంటుకుంది, సారా వేలంపాటలు ఆగాయి. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం. 1997లో ఎత్తేశారు. నిషేధం పెట్టేదాకా ఆడవాళ్లు కావాల్సి వచ్చారు. ఎత్తేసేటప్పుడు ఖజానా లెక్కలు చూశారు గానీ, ఆ రాత్రిబడి ఆడవాళ్లని పిలిచి అడిగినవాళ్లెవరు? ఇప్పుడు స్థానిక సంస్థల్లో సగం సీట్లు మనవే. బోర్డు మీద ఆమె పేరు, మీటింగుకి ఆయన. అందరం చూస్తున్నదే, దాని గురించి ఎక్కువ చెప్పను.

మీ ఊరి మిర్చి యార్డు గురించి ఒక్క మాట. పర్యావరణం మీద బొమ్మ గీయమంటే పిల్లలు పొగగొట్టం గీస్తారు, చెట్టు గీస్తారు. మా స్కూల్లో గుంటూరు నుంచి వలస వచ్చిన ఒక పిల్లవాడు ఎర్ర కుప్ప గీశాడు, పక్కన కొంగు ముక్కుకి కట్టుకున్న అమ్మ. వాళ్లమ్మ మిరపకాయల తొడిమలు తీసే కూలీ. కిలోకింత అని లెక్క. తర్వాత ఆమెతో మాట్లాడితే, "పని మానేసి ఏడాదైనా దగ్గు పోలేదు టీచరమ్మా. అప్పట్లో చేతులు మండి రాత్రిళ్లు చంటిదాన్ని ఎత్తుకునేదాన్ని కాదు, దాని ఒంటికి అంటుకుంటే ఏడ్చేది" అంది. ఆ పిల్లవాడి బొమ్మకి నేను మొదటి బహుమతి ఇచ్చాను. తోటి టీచర్లు "ఇందులో పర్యావరణం ఎక్కడుంది?" అన్నారు. ఆ అమ్మ పీల్చేదీ గాలే కదా. మీరు ఇక్కడివాళ్లు. మొక్కలు నాటడానికి మీ శిబిరం ఎక్కడికో పల్లెకి వెళ్లింది, మంచిదే. ఈసారి యార్డు దాకా వెళ్లి, ఆ ఆడవాళ్లకి మాస్కు ఎవరిస్తున్నారు, తాగే నీళ్లు ఎక్కడున్నాయి అని అడిగి రండి. నాటిన ఫొటో రాదు గానీ వెళ్లండి.

టైమైపోయిందని మేడం గారు చూస్తున్నారు. మొదట చెప్పిన పారిశుద్ధ్య కార్మికురాలి దగ్గర ఆపేస్తాను. ఆమె మా వీధికి తెల్లవారుజామున ఐదింటికి వస్తుంది. తనతో ఇంకో ఎనిమిది మంది ఆడవాళ్లు. పదకొండు దాకా పని. ఆ ఆరు గంటల్లో వాళ్లు వెళ్లడానికి బాత్రూం లేదు. ఊరంతా శుభ్రం చేసేవాళ్లకి! మగవాళ్లు ఏ గోడ చాటుకో పోతారు. మేం ఒక ఆఫీసుకి అర్జీ ఇచ్చాం, ఏ ఆఫీసో అనవసరం. స్థలం లేదన్నారు. రెండోసారి ఇచ్చాం, ఫైలు కదులుతోందన్నారు. మూడోసారి వెళితే, "మీ ఇళ్లలో వెళ్లనివ్వొచ్చుగా మేడం" అన్నారు. కోపమొచ్చింది, సిగ్గూ వేసింది. ఎందుకంటే మాలో ఆ మాట మేమే అనుకోలేదు. ఏడుగురిలో నలుగురం తలుపు తీశాం. ముగ్గురింట్లో పెద్దవాళ్లు వద్దన్నారు. ఎందుకు వద్దన్నారో మీకు తెలుసు, నాకూ తెలుసు. కులం పేరు ఎవరూ ఎత్తలేదు, "కొత్తవాళ్లని ఎలా రానిస్తాం" అన్నారు. ఆమె నాలుగేళ్లుగా రోజూ వస్తోంది.

చివరికి మా వీధి చివర కల్యాణమండపం వాచ్‌మన్ భార్య ఒప్పుకుంది. వెనక గేటు తాళం ఒకటి మాకిచ్చింది. నెలకింత అని ఆమెకి చందా వేసుకుని ఇస్తున్నాం, ఊరికే చెయ్యమనలేదు. తెల్లవారుజామున తాళం తీయడం మా ఇళ్లలో మగవాళ్ల వంతు. ముహూర్తాలు లేని రోజుల్లో బాగానే జరిగిపోతోంది. శ్రావణమాసం వస్తోంది, వరసగా పెళ్లిళ్లు బుక్కయ్యాయట. అప్పుడేం చేయాలో ఇంకా తేలలేదు. వచ్చే ఆదివారం కూర్చుంటున్నాం, నాలుగో అర్జీ కూడా రాయాలి. మీలో చేతిరాత బాగున్నవాళ్లు ఎవరన్నా ఉంటే రండి, విజయవాడకి ఎలాగూ జీరో టికెట్టే.

ప్రశ్నలేమన్నా ఉంటే అడగండమ్మా. ఆ వెనక పసుపు చున్నీ అమ్మాయి, నువ్వు ఇందాకటి నుంచీ చెయ్యెత్తుతున్నావు.